కిటికీ చువ్వల మీది పాత రంగు గీకే ముందు

ప్రశ్న: మాది హనుమకొండ. ఇల్లు 1996లో కట్టుకున్నాం, రంగులు వేయించి పదేళ్లు దాటింది. మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల, దసరా కాగానే పురుటికి తీసుకొస్తాం. మా అత్తమ్మకు దమ్ము ఉంది, మందు పీల్చే పంపు ఎప్పుడూ దిండు పక్కనే ఉంటుంది. పండుగలోపే ఇల్లంతా రంగులు వేయించాలని మా ఆయన పట్టుబట్టారు. పెయింటర్‌ను అడిగితే "అన్నీ ఒకటే మేడం, రెండు రోజులు తలుపులు తీసి పెడితే వాసన పోతది" అంటున్నాడు. షాపులో మాత్రం వాసన రాని పెయింటు అని చెప్పి మామూలు దానికి దాదాపు రెట్టింపు అడుగుతున్నారు. అంత పెట్టి కొనాలా? ఇంకో మాట, అటక మీద పాత ఎనామిల్ డబ్బాలు రెండున్నాయి, మూత కూడా తీయనివి. పెరటి దర్వాజకు వాడుకోవచ్చా?

సమాధానం:

అక్కా, గోడలకు ఆ రెట్టింపు ధర పెట్టాల్సిన పని ఉండకపోవచ్చు. ఆ మిగిలే డబ్బును తలుపులకు, కిటికీలకు పెట్టండి. రంగులనగానే మనకు గోడలే గుర్తొస్తాయి, షేడ్ కార్డు ముందేసుకుని ఇంటిల్లిపాదీ గంటలు గంటలు మాట్లాడుకునేది కూడా వాటి గురించే. కానీ పుట్టబోయే బిడ్డకైనా, మీ అత్తమ్మకైనా ఎక్కువ చేటు చేసేవి కిటికీ చువ్వలకు, దర్వాజలకు వేసే ఎనామిల్, అంతకంటే ముందు అక్కడి పాత రంగును గీకినప్పుడు లేచే దుమ్ము. మీ ఉత్తరంలో 1996 అని చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి, వీలైతే మీ ఆయనకు కూడా చదివి వినిపించండి.

ముందు వాసన సంగతి. పెయింటు తడిగా ఉన్నప్పుడు అందులోని కొన్ని రసాయనాలు మామూలు వేడికే ఆవిరై గాల్లో కలుస్తాయి. వీటినే వీఓసీలు అంటారు. ఎనామిల్‌ను పలుచన చేసే టర్పెంటైన్, వార్నిషుల్లో పోసే థిన్నర్ పూర్తిగా ఇవే. కళ్లు మండడం, తలనొప్పి, గొంతులో గరగర, దమ్ము ఉన్నవాళ్లకు ఆయాసం ఎక్కువవడం వీటి వల్లే. గోడలకు వేసే ఎమల్షన్ నీళ్లతో కలిపేది కాబట్టి అందులో ఇవి చాలా తక్కువ. లీటరుకు 50 గ్రాములకు లోపు ఉంటే తక్కువ వీఓసీ అని సాధారణంగా లెక్క. ఎనామిల్‌లో లీటరుకు 300 నుంచి 450 గ్రాముల దాకా ఉంటుంది.

ఒక్క గదికి లెక్క వేసి చూద్దాం. పది బై పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు, రెండుసార్లు పూయడానికి ఎమల్షన్ దాదాపు ఆరు లీటర్లు పడుతుంది. లీటరుకు 50 గ్రాములు అనుకున్నా నాలుగు గోడలూ కలిపి గాల్లోకి వదిలేది 300 గ్రాములు. అదే గదిలో ఒక దర్వాజకు, రెండు కిటికీలకు, చువ్వలకు లీటరు ఎనామిల్ వేశారనుకోండి, అదొక్కటే 350, 400 గ్రాములు వదులుతుంది. అందులో పెయింటర్ పోసే టర్పెంటైన్, సాయంత్రం బ్రష్షులు కడిగేది వేరు. నాలుగు గోడలకంటే ఒక తలుపు, రెండు కిటికీలు ఎక్కువన్నమాట. మీరేమో గోడల కోసం రెట్టింపు ధర పెట్టి, తలుపులకు మాత్రం పాత పద్ధతిలో ఎనామిల్ వేయించేస్తే పెట్టిన డబ్బంతా దండగే కదా.

ఇది నేను లెక్కలతో మాత్రమే చెప్పడం లేదు. కొన్నేళ్ల కింద కాజీపేటలో మా తమ్ముడి ఇంట్లో వానాకాలంలో రంగులు వేయించారు. గోడలకు మంచి ఎమల్షన్, తలుపులకు ఆయిల్ ఎనామిల్. వాన జల్లు లోపలికి కొడుతోందని రాత్రికి కిటికీలన్నీ మూసి, అదే గదిలో ఏసీ వేసుకుని పడుకున్నారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తెల్లవారుజామున మూడేళ్ల మా మేనల్లుడికి పిల్లికూతలు మొదలై, పక్కటెముకలు లోపలికి పోతూ ఊపిరి తీసుకుంటుంటే వాడిని భుజాన వేసుకుని ఆసుపత్రికి ఉరికాం. నెబ్యులైజర్ పెట్టాక గానీ తేరుకోలేదు. అక్కడ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, ఇంట్లో కొత్తగా రంగులేమైనా వేయించారా అని. ఆ రోజు నుంచి ఎవరింట్లో రంగుల మాట వచ్చినా నేను ముందు తలుపుల గురించే అడుగుతాను.

ఇప్పుడు తలుపులకు ఏం వేయాలంటే, నీటితో కలిపే ఎనామిల్ దొరుకుతోంది. మెరుపు కొంచెం తక్కువ, ధర కొంచెం ఎక్కువ, అంతే. టర్పెంటైన్‌తో పనే లేదు, బ్రష్షు నీళ్లతో కడిగితే సరిపోతుంది. చువ్వలకు ముందుగా వేసే ప్రైమర్ కూడా నీటితో కలిపేదే అడగండి, లేకపోతే పెయింటర్ అలవాటు కొద్దీ ఆయిల్ రెడ్ ఆక్సైడ్ వేసేస్తాడు. పాత ఆయిల్ ఎనామిల్ మీద నీటి ఎనామిల్ నేరుగా పట్టదు, కాస్త గరుకు చేసి ప్రైమర్ వేయాలి. టేకు దర్వాజకు పాలిష్ పెట్టిస్తామంటే మాత్రం మెలమైన్ పాలిష్ ఈ ఏడాదికి వద్దే వద్దు, అందులోంచి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన ఘాటు వాయువు వస్తుంది. ఎదురు చూడగలిగితే దర్వాజను అలాగే ఉంచి వచ్చే ఎండాకాలం చేయించుకోండి.

ఇక గరుకు చేయడం అన్నాను కదా, మీ ఇంటికి అసలు గండం అక్కడే ఉంది.

1996లో, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, మన దగ్గర ఎనామిల్ పెయింట్లలో సీసం కలిపేవాళ్లు. రంగు నిగనిగలాడాలని, తొందరగా ఆరాలని. పసుపు, నారింజ, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ఇంకా ఎక్కువ. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1 నుంచి. అంటే ఎండిన పెయింటు కిలోకు 90 మిల్లీగ్రాములు. మీ కిటికీల మీదున్న పొరలన్నీ దానికంటే ముందువే.

ఓసారి మీ వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లి చూడండి. చువ్వ కింద చెక్కను కలిసే చోట రంగు పెచ్చు లేచి ఉంటుంది. దాన్ని ఊడబెరకకండి, కాస్త వంగి దాని అంచు చూస్తే చాలు. మీద గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, అట్టడుగున ఇల్లు కట్టినప్పటి పసుపో నీలమో, గోరంత మందం కూడా లేని పెచ్చులో మీ ఇంటి పండుగలన్నీ పొరలు పొరలుగా కనబడతాయి. ఈ పెచ్చును పొడి ఎమ్రీ పేపర్ పెట్టి రుద్దితే మైదాపిండి కంటే మెత్తటి దుమ్ము లేచి మంచాల మీద, పరుపుల్లో, బియ్యం డబ్బా మూత మీద పడుతుంది. కంటికి కనబడదు, వాసన రాదు. సీసం ఇంత ఉంటే ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మింగిన సీసాన్ని చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది, దెబ్బ మెదడు మీద పడుతుంది. తల్లి ఒంట్లోకి చేరితే మాయ దాటి కడుపులోని బిడ్డకు కూడా వెళ్తుంది. ఇప్పుడు పుట్టే బిడ్డ ఇంకో ఎనిమిది నెలలకు అదే కిటికీ కింద పాకుతూ, దొరికింది దొరికినట్టు నోట్లో పెట్టుకుంటుంది కదా, నా భయం అంతా అదే.

కాబట్టి పాత రంగు గట్టిగా అంటుకుని ఉన్న చోట గీకనే వద్దు. తడి గుడ్డతో తుడిచి, వాటర్ పేపర్‌ను నీళ్లలో ముంచి పైపైన రుద్ది, ప్రైమర్ వేసి, దాని మీదే కొత్త రంగు వేయించండి, పాత పొర లోపల ఉండిపోతుంది. పెచ్చులు లేచిన చోట మాత్రం గీకక తప్పదు. అప్పుడు కింద ప్లాస్టిక్ షీటు పరిచి, ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో తడుపుతూ తడి మీదే గీకాలి. బ్లో ల్యాంపుతో కాల్చి ఊడదీయడం కొందరికి అలవాటు, ఆ పొగలో సీసం ఉంటుంది, ఒప్పుకోకండి. మెషిన్ పెట్టి రుద్దడం కూడా వద్దు. పని అయ్యాక చీపురు పట్టకండి, ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. పెచ్చులతో సహా షీటును లోపలికి మడిచి కట్టేసి, నేలను రెండు మూడుసార్లు నీళ్లు మారుస్తూ తడిబట్ట పెట్టండి. ఆ బట్టను మళ్లీ ఇంట్లో వాడకండి. ఈ పని జరిగే రోజుల్లో అత్తమ్మను ఇంకెవరింటికైనా పంపండి. అమ్మాయి ఎలాగూ ఇంకా రాలేదు కాబట్టి, ముందుగా ముగించాల్సిన పని ఇదే. గోడలు వెనకా ముందూ అయినా నష్టం లేదు.

ఆ రోజుల్లో చాలా ఇళ్లలో వంటింటి గోడలకు నడుము ఎత్తు దాకా ఎనామిలే కొట్టేవాళ్లు. మీ ఇంట్లోనూ అంతేనా అని అనుమానం ఉంటే, ఇంజెక్షన్ ఇచ్చే ముందు రాసే స్పిరిట్‌ను దూదికి అద్ది గోడను గట్టిగా రుద్దండి. రంగు కరిగి దూదికి అంటితే అది నీటి పెయింటు. అంటకపోతే ఎనామిల్ అనుకుని, పైన చెప్పిన జాగ్రత్తలే అక్కడా తీసుకోండి.

ఇక గోడలు. షాపులో వాసన రానిది అంటే సరే అనకండి. వాసన రాకపోవడం వేరు, వీఓసీ తక్కువగా ఉండడం వేరు, సువాసన కలిపి అసలు వాసన దాచేవి కూడా ఉంటాయి. "లీటరుకు వీఓసీ ఎన్ని గ్రాములు" అని సూటిగా అడగండి. డబ్బా మీద లేకపోతే కంపెనీ ఇచ్చే టెక్నికల్ షీటులో ఉంటుంది, ఫోన్లో చూపించమనండి. వరంగల్ చౌరస్తాలో ఓ షాపులో నేనూ ఇలాగే అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి ముందు విసుక్కున్నాడు, తర్వాత తనే ఇరవై లీటర్ల బకెట్‌ను ఒళ్లోకి తిప్పుకుని, బ్యాచ్ నంబరు పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న సీసం 90 పీపీఎం లైను వేలు పెట్టి చూపించాడు. ఆ లైను ప్రతి డబ్బా మీదా ఉండి తీరాలి, అది నిబంధన. ఊరూ పేరూ లేని కంపెనీ డబ్బా మీద అది కనబడకపోతే చవకగా వస్తోందని తీసుకోకండి. మామూలు ధరకు వచ్చే ఎమల్షన్‌లోనే 50 గ్రాములకు లోపు ఉన్నవి దొరికితే, ఖరీదైన దానికి పోవాల్సిన పని లేదు. ఇంకొకటి, లేత రంగులే ఎంచుకోండి. మెషిన్‌లో కలిపే రంగు ద్రవాల్లో కూడా కొంత వీఓసీ ఉంటుంది, షేడ్ ముదిరే కొద్దీ అవి ఎక్కువ పోయాలి. తెల్ల డబ్బా మీద రాసిన అంకె ముదురు మెరూన్‌కు వర్తించకపోవచ్చు.

ఆవు పేడతో చేసే ఖాదీ ప్రాకృతిక్ పెయింటు గురించి కూడా మీరు వినే ఉంటారు. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ 2021 జనవరిలో తెచ్చింది. మొదలుపెట్టినప్పుడు డిస్టెంపర్ లీటరు 120, ఎమల్షన్ 225 రూపాయలు. మీకు దగ్గరలో దొరికితే పడకగదికి వేసుకోవచ్చు, పేడ వాసన రాదు.

నన్నడిగితే పురుటి గదికి అన్నిటికంటే మంచిది సున్నం. మా నాయనమ్మ బతుకమ్మ పండుగకు ముందు కుండలో సున్నపురాళ్లు పోసి నీళ్లు పోస్తే అది కుతకుతమని ఉడికేది, మర్నాడు పలుచటి గుడ్డలో వడగట్టి, పట్టు కోసం బంక, తెలుపు కోసం చిటికెడు నీలిమందు కలిపి, ఈత మట్టతో చేసిన కుంచెతో పూసేది. గడపలకు, అరుగులకు జాజు. సున్నంలో వీఓసీ అన్న మాటే లేదు, దాని ఘాటుకు బూజు కూడా తొందరగా పట్టదు, ఆరుతూ గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. చిక్కల్లా ఒకటే, డిస్టెంపర్, ఎమల్షన్, ఎనామిల్ ఏది ఉన్నా దాని మీద సున్నం నిలవదు, పొడిపొడిగా రాలిపోతుంది. మీ ఇంట్లో పాత సున్నపు గోడ గానీ, ఏమీ వేయని ప్లాస్టరింగ్ గానీ ఉంటేనే ఆలోచించండి. కళ్లలో పడితే ప్రమాదం, వేసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి.

లప్పం గురించి రెండు మాటలు. తెల్ల సిమెంటు లప్పంలో ఆవిరయ్యే రసాయనాల భయం లేదు గానీ, ఆరాక పేపర్ కొడితే లేచే దుమ్ము దమ్ము ఉన్నవాళ్లకు విషంతో సమానం. గోడంతా కొత్తగా లప్పం పెట్టించే బదులు పగుళ్లు, గుంతలు ఉన్నచోట పూడ్పిస్తే చాలు. గోడ అద్దంలా ఉండాలన్న పట్టుదల ఈసారికి వదిలేయండి.

వానలు వెనకపట్టు పట్టకముందే పండుగ వస్తోంది, గోడల్లో చెమ్మ ఉంటుంది. అరచేయంత ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఆగండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే ఆ గోడకు ఇప్పుడు ఏ పెయింటూ వద్దు. ఎంత ఖరీదైనది వేసినా ఉబ్బి ఊడిపోతుంది, వెనకాల బూజు పడుతుంది, అత్తమ్మకు ఆ బూజు కూడా పడదు. ముందు ఆ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో, పైన బాత్రూమా, డాబా మీద పగులా, అది చూపించుకోండి.

అందుకని, మీ ఆయన ఏమనుకున్నా సరే, నా సలహా ఇల్లంతా ఇప్పుడు వద్దు. కిటికీల తడి గీకుడు ఈ వారమే అయిపోవాలి. తర్వాత అమ్మాయి గది, అత్తమ్మ గది. అమ్మాయి గదికి చివరి కోటు పడ్డాక కనీసం నాలుగు వారాలు ఖాళీగా ఉంచండి. హాలు, బయటి గోడలు సంక్రాంతి దాటాక, ఎండ బాగా కాసేటప్పుడు చూసుకోవచ్చు. నాలుగు వారాలు దొరకవనిపిస్తే అమ్మాయి గదిని ముట్టుకోకుండా వదిలేయడమే మేలు, పాత రంగు గోడల మధ్య బాలింతకు ఏ లోటూ ఉండదు. ఆ గదిలోకి కొత్త ప్లైవుడ్ అల్మారా కూడా ఇప్పుడు చేయించకండి, దానిలోని జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ నెలల తరబడి వస్తూనే ఉంటుంది.

వాసన పోవడానికి ఉల్లిపాయలు కోసి పెట్టడం, ఉప్పునీళ్ల గిన్నెలు పెట్టడం చాలామంది చేస్తారు. వాటితో వీఓసీలు పోవు. అగరొత్తులు, సాంబ్రాణి అయితే పొగ మీద పొగ. పురుటి స్నానం అయ్యాక బిడ్డకు సాంబ్రాణి పట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే, కొత్తగా రంగు వేసిన గదిలోనే కాదు, ఏ గదిలోనూ పట్టకండి. పనికొచ్చేది గాలి ఒక్కటే. ఎదురెదురు కిటికీలు తెరిచి, ఒక కిటికీలో టేబుల్ ఫ్యాన్‌ను బయటికి తిప్పి పెట్టండి, లోపలి గాలిని అది బయటికి తోస్తుంటే రెండో కిటికీలోంచి మంచి గాలి వస్తుంది. రెండు రోజులు కాదు, రోజూ పగలంతా, కనీసం రెండు వారాలు.

పెయింటర్ మీద కోపం తెచ్చుకోకండి. అన్నీ ఒకటే అన్నాడంటే ఆయనకు ఎవరూ చెప్పలేదని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ పెయింటింగ్ వృత్తిని క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి వరుసలో పెట్టింది. మనం నాలుగు రోజులు పీల్చి భయపడుతున్న గాలిని ఆయన ఏళ్ల తరబడి పీలుస్తున్నాడు. గీకేటప్పుడు వేసుకోవడానికి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి, ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. అయితే ఎన్95 దుమ్మునే ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు, దానికి బొగ్గు ఫిల్టర్ ఉన్న మాస్కు వేరే ఉంటుంది. పని అయ్యాక మీ దగ్గరే చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని, చొక్కా మార్చుకుని వెళ్లమనండి, ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు.

ఇక అటక మీది డబ్బాలు. వాటి మీద తయారీ తేదీ చూడండి. 2017 నవంబరుకు ముందువైనా, తేదీ చెరిగిపోయి తెలియకపోయినా, పెరటి దర్వాజకే కాదు, ఇనుప గేటుకు కూడా వాడకండి, బిడ్డ రేపు పట్టుకుని నిలబడేది ఆ గేటునే. మూత తీయకండి. మోరీలో అసలే పోయకండి, మన మోరీల నీళ్లు చివరికి ఏ చెరువులో కలుస్తాయో మీకు తెలుసు. పాత పెయింటు డబ్బాలు ఇంట్లోంచి వచ్చే ప్రమాదకరమైన చెత్త కిందికి వస్తాయి, తడి, పొడి చెత్తలో కలపకూడదు. రెండు డబ్బాలనూ ఒక సంచిలో వేసి, మీద పెద్ద అక్షరాలతో "పాత పెయింటు" అని రాసి, కార్పొరేషన్ చెత్త ఆటో వచ్చినప్పుడు విషయం చెప్పి విడిగా ఇవ్వండి. గీకిన పెచ్చుల మూటను కూడా అందులోనే పెట్టండి.